గుమ్మంలోనే చెప్పవలసిన మాట

తెలుగు పాఠం చెప్పుకొనే అధ్యాపకునికి మెయిల్ సర్వర్‌తో ఏమి పని అని ఈ వ్యాసం చూచిన విద్యార్థులు నవ్వుకొనవచ్చును. కార్యవర్గ పెద్దలకు కూడ ఆ సందేహం కలుగవచ్చును. నా సమాధానం ఒక్కటే. 1972 ఆగస్టు 15న మన దేశంలో ఆరంకెల పిన్ కోడు అమలులోకి వచ్చినపుడు, దానికి రూపకల్పన చేసిన శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ తపాలా వ్యవహారాలు చూచే ఉన్నతాధికారి మాత్రమే కాదు, సంస్కృత కవి కూడ. చిరునామా మొదట భాషకు సంబంధించిన విషయం. ఆ తరువాతనే యంత్రానికి సంబంధించినది. ఒక మనిషిని ఏ పేరుతో పిలిస్తే పలుకుతాడు, ఆ పేరును ఎట్లు వ్రాయాలి, ఆ పేరుగలవాడు ఇంట లేనపుడు వచ్చినవారికి ఏమని చెప్పాలి అనే ప్రశ్నలు భాష తెలిసిన ప్రతివానికి సంబంధించినవే. అందుచేత ఈ సాహసం చేస్తున్నాను.

మన కళాశాల పేరిట నడిచే మెయిల్ సర్వర్‌లో ఇన్నేళ్లుగా పుట్టిన చిరునామాలు చాల ఉన్నవి. వాటిలో కొన్నింటికి నేడు యజమానులు లేరు. పదవీవిరమణ చేసిన గుమాస్తాల చిరునామాలు, ఎప్పుడో ముగిసిన సదస్సుల కొరకు తెరిచిన చిరునామాలు, చదువు పూర్తిచేసి వెళ్లిపోయిన విద్యార్థుల చిరునామాలు అట్లే మిగిలిపోయినవి. ఇవి చాలవన్నట్లు, ఎన్నడూ లేని పేర్లను ఊహించి వ్యాపార ప్రకటనలు పంపేవారు వేరుగా ఉన్నారు. ఈ అక్కరలేని చిరునామాలకు వచ్చే ఉత్తరాలను ఏమి చేయాలనే ప్రశ్న ఇప్పుడు కార్యవర్గం ముందున్నది. అన్నింటిని తీసికొని ఒకచోట దాచుట మేలని కొందరి అభిప్రాయం. తీసికొన్నట్లే తీసికొని, చప్పుడు చేయకుండ పారవేయుట మేలని మరికొందరి అభిప్రాయం. ఈ రెండును తప్పేనని, ఉత్తరం గడప దాటక ముందే “ఈ పేరుగలవారు ఇక్కడ లేరు” అని పంపినవానికి స్పష్టంగా చెప్పుటయే న్యాయమని నేను మనవి చేయదలచుకొన్నాను.

ఈ పట్టుదలకు కారణం ఉన్నది. మన విద్యార్థిని ఒకతె, కొల్లేటి లంక గ్రామం నుండి వచ్చి చదువుకొన్న అమ్మాయి, డిగ్రీ పూర్తిచేసి దూరప్రాంతపు విశ్వవిద్యాలయం ఒకదానిలో పై చదువునకు దరఖాస్తు చేసికొన్నది. సీటు వచ్చింది. ఆమె సమర్పించిన ధ్రువపత్రం నిజమైనదేనా అని అడుగుతూ ఆ విశ్వవిద్యాలయంవారు మనకు మెయిల్ పంపినారు. వారు పంపిన చిరునామా మన పాత లెటర్‌హెడ్‌పై అచ్చైనది. మూడేళ్ల క్రితమే పదవీవిరమణ చేసిన ఉద్యోగిది. మన సర్వర్ ఆ ఉత్తరాన్ని “అందినది” అని చెప్పి తీసికొన్నది. తీసికొని ఎవరూ తెరవని ఉమ్మడి పెట్టెలో పడవేసింది. వారు గడువు వరకు ఎదురుచూచినారు. మన మౌనాన్ని “కాదు” అనే అర్థంలో తీసికొన్నారు. ఆ యేడు ఆ అమ్మాయికి సీటు దక్కలేదు. ఆమె తండ్రి కళాశాలకు వచ్చి, “ఉత్తరం మీకు చేరిందని వారు అంటున్నారు కదా సార్” అని అడిగినపుడు నావద్ద జవాబు లేకపోయింది. ఉత్తరం చేరిన మాట నిజమే. మనిషికి మాత్రం చేరలేదు.

ఆనాడు మన సర్వర్ “ఈ చిరునామా ఇప్పుడు లేదు” అని ఒక్క మాట చెప్పి ఉంటే ఏమి జరిగేది? ఆ విశ్వవిద్యాలయంలోని ఉద్యోగికి నిమిషంలోపుననే ఆ సంగతి తెలిసేది. ఆయన ఫోను చేసేవాడు, లేదా మరొక చిరునామాకు వ్రాసేవాడు. ఒక్క “లేదు” ఆ అమ్మాయి సంవత్సరాన్ని కాపాడేది. మనం చెప్పిన “సరే” దానిని పాడుచేసింది.

ఈ విషయంలో మన తపాలా శాఖవారి పద్ధతి గమనింపదగినది. ఉత్తరం అందజేయలేకపోయిన పోస్ట్‌మ్యాన్ దానిని కాలువలో పారవేయడు. కవరు మీద కారణం వ్రాస్తాడు. ఇట్టి వ్యక్తి లేరు, ఇల్లు విడిచి వెళ్లినారు, తలుపు తాళం వేసి ఉన్నది, చిరునామా అసంపూర్ణం, తీసికొనుటకు నిరాకరించినారు, మరణించినారు అని ఒక్కొక్క కారణానికి ఒక్కొక్క మాట. ఆ కారణంతో ఉత్తరం పంపినవారికి తిరిగిపోతుంది. పంపినవారి చిరునామా కూడ పైన లేకపోతే రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు అనే ప్రత్యేక కార్యాలయానికి చేరుతుంది. పూర్వం దానిని డెడ్ లెటర్ ఆఫీసు అనేవారు. అక్కడి ఉద్యోగులు మాత్రమే కవరు తెరిచి, లోపల పంపినవారి జాడ ఏమైన దొరుకుతుందేమో చూస్తారు. దిక్కులేని ఉత్తరానికి కూడ ఒక దిక్కు చూపించుట ఆ ఏర్పాటు ఉద్దేశం.

మన ప్రాంతంలో చిరునామాలు ఎంత త్వరగా పాతబడతాయో చెప్పనక్కరలేదు. ఏలూరు ఏనాటి నుండో పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా వేరుగా ఏర్పడింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండగా ఆ జిల్లాకు భీమవరం ముఖ్యపట్టణమైనది. కృష్ణా జిల్లాలో ఉండిన కైకలూరు ఆనాడు ఏలూరు జిల్లాలో చేరింది. అయినను పిన్ కోడ్లు మారలేదు. వేర్వేరు జిల్లాలైన ఏలూరు 534001, తాడేపల్లిగూడెం 534101 ఒకే మూడంకెలతో మొదలవుతూ ఉండగా, ఏలూరు జిల్లాలో చేరిన కైకలూరుకు మాత్రం కృష్ణా వైపు 521 అంకెలే మిగిలినవి. ఇట్టి చోట ఉత్తరం ఎవరి పొరపాటు లేకుండనే తప్పుదారి పట్టవచ్చును. తప్పుదారి పట్టిన ఉత్తరాన్ని రక్షించేది తిరిగి పంపే పద్ధతి ఒక్కటే.

ఇక మెయిల్ సర్వర్ సంగతి. 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటర్ నుండి మరొక కంప్యూటర్‌కు ఉత్తరం పంపి, మనిషి పేరుకు, యంత్రం పేరుకు నడుమ నేడు మనమందరం ఎరిగిన ‘ఎట్’ గుర్తును ఉంచినాడు. ఏడేళ్లు గడిచేసరికి, 1978 మే 3న, ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి అడగని వ్యాపార ప్రకటనను సుమారు 400 మందికి ఒక్కసారిగా పంపినాడు. ప్రపంచంలో అక్కరలేని మెయిల్ చరిత్ర ఆనాటితో మొదలైనదని చెబుతారు. ఉత్తరాలను ఒక సర్వర్ మరొక సర్వర్‌కు ఏ మర్యాదతో అందించాలో 1982లో జోనథన్ పోస్టెల్ ఒక నియమావళి వ్రాసినాడు. దాని పేరు ఎస్.ఎమ్.టి.పి. 2001లోను, 2008లోను దానిని సవరించినారు కాని, మూలసూత్రం మారలేదు.

ఆ మర్యాద విని ఆశ్చర్యపడినాను. అచ్చముగా గుమ్మం ముందు జరిగే సంభాషణ అది. వచ్చిన సర్వర్ మొదట తన పేరు చెప్పుకొంటుంది. తరువాత ఉత్తరం ఎవరు పంపినారో చెబుతుంది. మూడవదిగా ఎవరి కొరకు వచ్చిందో చెబుతుంది. ఈ మూడు మాటలయ్యే వరకు ఉత్తరంలోని విషయం గడప దాటి లోపలికి రాదు. ప్రతి మాటకు ఇంటివైపు సర్వర్ ఒక మూడంకెల సంఖ్యతో బదులు చెబుతుంది. మొదటి అంకె 2 అయితే సరే అని అర్థం. 4 అయితే ఇప్పుడు కాదు, మరల రమ్మని అర్థం. 5 అయితే కాదు, ఇక రావద్దని అర్థం. మూడవ మాటకు 250 అని బదులిస్తే ఆ పేరుగలవారున్నారని, 550 అని బదులిస్తే అట్టి పెట్టె లేదని భావం. 1996లో ఈ జవాబులకు మరింత వివరమైన సంఖ్యలు కూడ స్థిరపరచినారు. 5.1.1 అంటే అట్టి చిరునామా లేదు, 5.1.6 అంటే మకాం మార్చినారు, కొత్త చిరునామా తెలియదు, 5.2.1 అంటే పెట్టె మూసివేయబడింది. పోస్ట్‌మ్యాన్ కవరు మీద వ్రాసే మాటలే ఇక్కడ అంకెల రూపం ధరించినవి.

ఈ నియమావళిలో ధర్మశాస్త్రం వంటి సూత్రం ఒకటున్నది. ఉత్తరం పూర్తిగా లోపలికి తీసికొని “సరే” అని చెప్పిన సర్వర్, ఆ క్షణం నుండి దానికి పూచీపడుతుంది. ఆ ఉత్తరాన్ని మనిషికి చేర్చాలి. చేర్చలేకపోతే పంపినవానికి తెలియజేయాలి. అకారణంగా పోగొట్టరాదు. “సరే” అనుట మాట ఇచ్చుట. మాట ఇచ్చి తప్పుట మనుషులలో ఎంత దోషమో యంత్రాల విషయంలోను అంత దోషమని ఆ నియమం వ్రాసినవారు భావించినారు. యంత్రం మాట తప్పదు. దానిచేత మాట తప్పించేది మనమే.

ఈ దృష్టితో మన ముందున్న మార్గాలను పరిశీలిద్దాము.

మొదటిది ఉమ్మడి పెట్టె. ఏ పేరుతో వచ్చినా తీసికొని ఒకచోట చేర్చుట. ఇందులో ఏ ఉత్తరమూ పోదనే ధైర్యం ఉన్నట్లు కనిపిస్తుంది. కాని కొల్లేరును చూడండి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైనవన్నీ తెచ్చిన నీటిని అది కాదనకుండ పుచ్చుకొంటుంది. సముద్రానికి పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. ఆ దారి పూడిపోయి, గుర్రపుడెక్క అల్లుకొన్నపుడు లంక గ్రామాలవారి అవస్థ మనలో చాలమంది విద్యార్థులు కళ్లార చూచినదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగిన తరువాత ఆ నీరు దిగి వచ్చినది కొల్లేటికే. ఉమ్మడి పెట్టె కూడ అట్టిదే. వచ్చే దారులు అనేకం. చదివి పంపివేసే మనిషి ఒక్కడు, అతడైన ఉంటేనే. గుర్రపుడెక్క వంటి ప్రకటనల నడుమ ఆ అమ్మాయి ఉత్తరం కనిపించకుండ పోయిందంటే వింత లేదు. అదిగాక, పరుల పేరిట వచ్చిన ఉత్తరాలను వారి అనుమతి లేకుండ మన వద్ద పోగుచేయుట మర్యాద కాదు. వ్యక్తిగత సమాచార పరిరక్షణ కొరకు 2023లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టమే చేసిన ఈ రోజులలో అది వివేకమూ కాదు.

రెండవది “సరే” అని చెప్పి చప్పుడు లేకుండ పారవేయుట. దీనిని సమర్థించేవారు ఇందులో శాంతి ఉన్నదంటారు. పెట్టె నిండదు, ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. ఆ శాంతి మనకే. పంపినవాడు మాత్రం ఉత్తరం అందిందని నమ్మి ఎదురుచూస్తూ ఉంటాడు. ఉమ్మడి పెట్టెలోనైతే ఏనాడో ఒకనాడు వెతికితే ఉత్తరం దొరకవచ్చును. ఇందులో ఆ ఆశ కూడ లేదు. ప్రకటనల విషయంలో ఇది నష్టం కాకపోవచ్చును. కాని సర్వర్ ఇక్కడ చూచేది ఉత్తరంలోని విషయాన్ని కాదు, చిరునామాను మాత్రమే. పాత గుమాస్తా చిరునామాకు వచ్చేది ప్రకటన కావచ్చును, ఒక విద్యార్థి భవిష్యత్తు కావచ్చును.

మూడవ మార్గం ఒకటి కలదు. ముందు తీసికొని, లోపల పెట్టె లేదని తెలిసిన తరువాత వేరొక ఉత్తరం ద్వారా పంపినవానికి తెలియజేయుట. పూర్వం చాల సర్వర్లు ఇట్లే చేసేవి. పైకి న్యాయంగానే కనిపించే ఈ పద్ధతిలో పెద్ద చిక్కు ఉన్నది. ప్రకటనలు పంపే మోసగాళ్లు తమ పేరు వ్రాయరు. ఎవరో అమాయకుని చిరునామాను పంపినవాని స్థానంలో వ్రాస్తారు. మనం తిరిగి పంపే ఉత్తరాలన్నీ ఆ అమాయకుని మీద పడతాయి. తాను పంపని వేలాది ఉత్తరాలు తనకు తిరిగి వస్తే అతని గతి ఏమి? అట్టి సర్వర్‌ను ఇతర సర్వర్లు దుష్టుల జాబితాలో చేర్చి, దాని మంచి ఉత్తరాలను కూడ నిరాకరించే ప్రమాదం ఉన్నది.

ఇక మిగిలినది గుమ్మంలోనే చెప్పుట. మూడవ మాట వినగానే, ఉత్తరం లోపలికి రాకముందే, 550 అని చెప్పి కారణం తెలియజేయుట. ఉత్తరం మనం తీసికొనలేదు కనుక దాని పూచీ మనకు లేదు. పంపినవానికి తెలియజేసే బాధ్యత వచ్చిన సర్వర్‌దే. అది నిజాయితీగల సర్వర్ అయితే తన మనిషికి నిమిషాలలో చెబుతుంది. మోసగాని యంత్రమైతే ఊరకే పోతుంది. అమాయకుని మీద ఏమీ పడదు. మన గోదావరి కాలువ క్రింద సేద్యం చేసే రైతుకు ఈ సూత్రం ఎవరూ నేర్పనక్కరలేదు. అక్కరలేని నీటిని మడవ దగ్గరనే కట్టివేస్తాడు. చేను నిండిన తరువాత తోడిపోసేవానిని ఊరంతా చూచి నవ్వుతుంది.

ఇంటికి వచ్చినవారిని గుమ్మంలో నుండియే పంపివేయుట అమర్యాద కాదా అని ఒక పెద్దలు నన్ను అడిగినారు. మన ముస్లిం కుటుంబాలలో పాటించే పద్ధతినే వారికి జ్ఞాపకం చేసినాను. పరుల ఇంటికి వెళ్లినవాడు గుమ్మం వద్ద సలాం చెప్పి అనుమతి కోరుతాడు. మూడుసార్లు పిలిచినా బదులు రాకపోతే తిరిగిపోతాడు. “ఇప్పుడు కాదు, వెళ్లిరండి” అని లోపలి నుండి చెప్పితే కోపగించకుండ వెళ్లిపోతాడు. చెప్పినవానికీ తప్పు లేదు, విన్నవానికీ అవమానం లేదు. అతిథిని కూర్చుండబెట్టి, ఇంటివారు ఉన్నారో లేరో చెప్పకుండ సాయంకాలం వరకు నిరీక్షింపజేయుటయే అమర్యాద. ఇప్పుడు మన సర్వర్ చేస్తున్నది అదే.

రెండవ ఆక్షేపణ దీనికంటె బలమైనది. లేని పేరుకు “లేదు” అని చెబుతూ పోతే, వేలాది పేర్లు వరుసగా అడిగి ఏవి నిజమైనవో మోసగాళ్లు తెలిసికొనరా? తెలిసికొనే ప్రయత్నం చేస్తారు, ఇది నిజమే. కాని దానికి మందు అందరికీ అబద్ధం చెప్పుట కాదు. ఒకే చోటి నుండి వచ్చి వరుసగా లేని పేర్లు అడిగేవానికి జవాబు ఆలస్యం చేయవచ్చును. కొన్ని తప్పుల తరువాత తలుపు మూయవచ్చును. సర్వర్ ప్రోగ్రాములలో ఇందుకు తగిన ఏర్పాట్లున్నవి. వీధిలో దొంగ తిరుగుతున్నాడని పోస్ట్‌మ్యాన్‌కు కూడ తప్పుడు దారి చూపే గృహస్థు ఉంటాడా?

మూడవ ఆక్షేపణ మన సమాజానికి ప్రత్యేకమైనది. “మన పేర్లను వ్రాయుటలో అందరూ తప్పులు చేస్తారు; గుమ్మంలో ఆపివేస్తే మన పిల్లల ఉత్తరాలే ఎక్కువగా ఆగిపోతాయి” అని ఒక సహాధ్యాపకులు అన్నారు. వారి ఆవేదన నాకు తెలుసు. ఉర్దూలో నాలుగక్షరాలతో ఒక్కటే విధంగా వ్రాసే మహమ్మద్ అనే పేరును ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసేటప్పుడు మొదటి అక్షరం తరువాత ‘ఓ’ వ్రాసేవారు, ‘యు’ వ్రాసేవారు, ‘ఏ’ వ్రాసేవారు ఉన్నారు. నడుమ ‘ఎమ్’ ఒకటి వ్రాసేవారు, రెండు వ్రాసేవారు ఉన్నారు. చివర ‘ఏ’ వ్రాసేవారు, ‘ఈ’ వ్రాసేవారు ఉన్నారు. లెక్క వేసితే ఒక్క పేరుకు పన్నెండు రూపాలు! ఇక మన కోస్తా ప్రాంతంలో షేక్, సయ్యద్, పఠాన్ వంటి మాటలను ఇంటిపేర్ల వలె ముందుంచి పొడి అక్షరాలతో వ్రాయుట వాడుక. ఒకే తరగతిలో ఒకే చిరునామాకు తగిన పేర్లు ముగ్గురికి ఉండుట ప్రతి అధ్యాపకునికి అనుభవమే.

కాని ఈ ఆవేదన నుండి పుట్టవలసిన నిర్ణయం దీనికి విరుద్ధమైనది. పేరు తప్పుగా వ్రాసిన ఉత్తరాన్ని సర్వర్ మింగివేస్తే, తాను తప్పు వ్రాసినట్లు పంపినవానికి ఎన్నటికీ తెలియదు. “అట్టి పేరు లేదు” అని తిరిగివస్తే, అక్షరం సరిచూచుకొని మరల పంపుతాడు. పేర్లు తప్పుగా వ్రాయబడే వారికే స్పష్టమైన తిరస్కారం ఎక్కువ అవసరం. దానితోపాటు మరొకటి చేయవచ్చును. ప్రతి విద్యార్థి చేరేటప్పుడు తన పేరు ఏయే విధాలుగా వ్రాయబడుతుందో అడిగి, ఇతరుల పేరుతో ఢీకొనని రూపాలన్నింటిని అదే పెట్టెకు మారుపేర్లుగా చేర్చవచ్చును. 2012 నాటి నియమాల ప్రకారం ఎవరి లిపిలో వారు మెయిల్ చిరునామా వ్రాసికొనే వీలు కూడ ఏర్పడింది. తెలుగులోను, ఉర్దూలోను ‘భారత్’ అనే డొమైన్ ఉన్నది. ఆ సౌకర్యం అంతటా వ్యాపించిననాడు ఈ పన్నెండు రూపాల బాధ కొంత తీరవచ్చును. అంతవరకు మన జాగ్రత్తయే మనకు రక్ష.

కంప్యూటర్ శాఖ విద్యార్థులు ఈ పనిలో తోడ్పడగలరు. వారి వద్ద నేను నేర్చుకొన్న నాలుగు విషయాలు మనవి చేస్తాను. 1998లో వీట్సే వెనెమా లోకానికి అందించిన పోస్ట్‌ఫిక్స్ వంటి సర్వర్‌లో, మూయదలచిన చిరునామాలను ఒక పట్టికలో వ్రాసి, ఒక్కొక్క దానికి ఎదురుగా తిరస్కారము, దాని కారణము వ్రాస్తే చాలును. అయితే నియమాల వరుస ముఖ్యం. ఇతరుల ఉత్తరాలు మన సర్వర్ ద్వారా పోకుండ ఆపే నియమం ముందుండాలి. లేనిచో ఆ పట్టికలో పొరపాటున వ్రాసిన ఒక “సరే” మన తలుపును ఊరందరికీ తెరిచివేస్తుంది. రెండవది, క్రొత్త పట్టికను మొదట 450 జవాబుతో పరీక్షించాలి. అప్పుడు పొరపాటు జరిగినను వచ్చిన సర్వర్ ఉత్తరాన్ని తన వద్దనే ఉంచుకొని కొన్ని రోజులు మరల మరల ప్రయత్నిస్తుంది. మనం దిద్దుకొనే వ్యవధి దొరుకుతుంది. అంతా సరిగా ఉన్నదని తేలిన తరువాతనే 550కి మారాలి. మూడవది, మన సర్వర్ ఆగినపుడు ఉత్తరాలు తీసికొనే సహాయ సర్వర్ ఉంటే, దానికి కూడ ఇదే పట్టిక తెలియాలి. లేకపోతే పెద్ద గుమ్మం మూసి దొడ్డితలుపు తెరిచి ఉంచినట్లే. నాలుగవది, ఏది మూసినను పోస్ట్‌మాస్టర్ అనే చిరునామా మూయరాదు. నియమావళి ప్రకారం ప్రతి సర్వర్ ఆ పేరుకు వచ్చిన ఉత్తరం తీసికొనవలసినదే. దానిని ఒక మనిషి చదవవలసినదే. తలుపు తప్పుగా మూసినారని ఫిర్యాదు చేయుటకు ఒక కిటికీ ఉండవద్దా?

యంత్రం పని ఇంతటితో సరి. ఇక మిగిలినది మనుషుల పని, అదే కష్టమైనది. ఏ చిరునామా అక్కరలేనిదో నిర్ణయించేది ఎవరు? ఇప్పుడు ప్రయోగశాలలో ఆనాడు ఎవరుంటే వారు నిర్ణయిస్తున్నారు. ఒకరి పేరును పట్టికలో చేర్చుట చిన్న విషయం కాదు. అది లోకానికి “ఈ మనిషి ఇక్కడ లేడు” అని చాటుట. అందుచేత కార్యవర్గంవారు ఈ క్రింది ఏర్పాటును ఆలోచించవలెనని ప్రార్థిస్తున్నాను. మూయదలచిన ప్రతి చిరునామాను ఒక రిజిస్టరులో వ్రాయాలి. ఎవరు కోరినారు, ఏ కారణం చేత, ఏ తేదీన అనే మూడు విషయాలు అందులో ఉండాలి. చదువు ముగిసిన విద్యార్థి చిరునామాను వెంటనే మూయరాదు. ఉద్యోగాలకు, పై చదువులకు అతడు ఇచ్చిన చిరునామా అదే కనుక కనీసం రెండేళ్లు తెరిచి ఉంచి, మూసే ముందు అతనికి తెలియజేయాలి. పదవీవిరమణ చేసినవారి చిరునామా మూసేటప్పుడు, ఆ విషయాలకు ఇకపై ఎవరికి వ్రాయాలో తిరస్కార వాక్యంలోనే చెప్పాలి. “ఈ పెట్టె మూసివేయబడినది, ధ్రువపత్రాల విషయమై కార్యాలయ చిరునామాకు వ్రాయండి” అనే ఒక్క వాక్యం చాలును. పరీక్షలు, ధ్రువపత్రాలు, ఉపకార వేతనాలు వంటి వాటికి మనిషి పేరుతో గాక పదవి పేరుతో చిరునామాలు ఉండాలి. మనుషులు మారినను పదవి మారదు.

మరొక్క హెచ్చరిక. ఒకరికి ఇచ్చి మూసిన చిరునామాను మరొకరికి ఇవ్వరాదు. 2013లో ఒక పెద్ద మెయిల్ సంస్థ చాలకాలం వాడని చిరునామాలను క్రొత్తవారికి ఇచ్చినపుడు, పాతవారి వ్యక్తిగత ఉత్తరాలు క్రొత్తవారికి చేరినట్లు ఫిర్యాదులు వచ్చినవి. ఒకే పేరు పలువురికి ఉండే మన కళాశాలలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మూసిన తలుపును మూసినట్లే ఉంచుదాము. క్రొత్తవారికి క్రొత్త తలుపు పెడదాము.

విద్యార్థులకు ఒక మాట. మీరు పంపిన ఉత్తరానికి 550 అనే అంకెతో జవాబు వచ్చినపుడు దానిని చూడకుండ తుడిచివేయకండి. మీకు నిజం చెప్పిన జవాబు అది. పేరు సరిచూడండి, అక్షరం సరిచూడండి, మరల పంపండి. భయపడవలసినది తిరస్కారానికి కాదు, బదులే లేని అంగీకారానికి.

ఆ లంక గ్రామపు అమ్మాయి మరుసటి సంవత్సరం మరల దరఖాస్తు చేసికొన్నది. ఈసారి ధ్రువపత్రాన్ని నేనే స్వయంగా తీసికొని ఏలూరు హెడ్ పోస్టాఫీసుకు వెళ్లి పంపినాను. రసీదు ఆమె తండ్రి చేతికి ఇచ్చినప్పుడు ఆయన దానిని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకొన్నారు. ఒక కళాశాల మాట మీద నమ్మకం పోయిన తండ్రికి ఆ కాగితం ముక్క ధైర్యం ఇచ్చింది. మన సర్వర్ ఇచ్చే ప్రతి జవాబు కూడ ఆ రసీదు వలె నమ్మదగినది కావాలని, “ఉన్నారు” అంటే ఉన్నట్లు, “లేరు” అంటే లేనట్లు లోకం నమ్మగలగాలని, వచ్చే సమావేశంలో కార్యవర్గ పెద్దలు ఆ దిశగా నిర్ణయం చేయవలెనని సవినయంగా కోరుతున్నాను.